దిగుడుమిట్ట ఎక్కిన నాలుగు పిస్టన్లు

నా పేరు ధనంజయ. చిత్తూరు బస్టాండు పక్కన నలభై ఏళ్ళపాటు బండ్ల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. మంచి మేస్త్రీ అని నాకు పేరుంది. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఎక్కువమంది లేరు, అది నా అదృష్టం. మా మనవళ్ళయితే స్నేహితులకు నన్ను చూపించి, యుద్ధకాలంలో మా తాత బొగ్గు బస్సుకు కొత్త ఊపిరి కనిపెట్టాడని గొప్పలు చెబుతారు. నేను కాదనను. ఈ వయసులో ముద్ద దిగాలంటే నంజుకోవడానికి ఆ మాత్రం గొప్ప ఉండాలి. అయినా అసలు సంగతి ఒకచోట రాసి పెట్టాలనిపించింది. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, నేను ముందే నవ్వేసుకున్నాను.

అది నలభై మూడో సంవత్సరం. ఎక్కడో యుద్ధం, ఇక్కడ పెట్రోలు లేదు. మామిడికాయల మండీ మునిరామయ్యకు ఒకే ఒక బస్సు ఉండేది. చిత్తూరు నుంచి కార్వేటినగరం మీదుగా పుత్తూరు పోయి వచ్చేది. దానికి డ్రైవరూ నేనే, మేస్త్రీనీ నేనే. అప్పట్లో అన్ని బస్సులకూ పెట్టినట్టే దాని వెనక కూడా ఒక పెద్ద ఇనుప పీపా బిగించారు. అందులో బొగ్గులు మండించాలి. ఆ బొగ్గుల నుంచి వచ్చే గ్యాసు గొట్టాల్లో చల్లబడి, కొబ్బరిపీచులో వడకట్టుకుని, ఇంజన్లోకి పోవాలి. పెట్రోలు తాగినన్నాళ్ళూ దూకుడుగా పోయిన ఇంజను ఈ గ్యాసు మీద పథ్యం తింటున్న మనిషిలా మూలిగేది. చదునునేల మీద ఎలాగో నడిచేది. ఎత్తు వస్తే మాత్రం చేతులెత్తేసేది.

కార్వేటినగరం ఇంకా నాలుగు మైళ్ళు ఉందనగా ఒక మిట్ట ఉంది. దానికి పూర్వం ఏదో మర్యాదైన పేరు ఉండేది. మా బస్సు పుణ్యమా అని రెండేళ్ళలో అది దిగుడుమిట్ట అయిపోయింది. కండక్టరు పెంచలయ్య మిట్ట కింద మలుపు దగ్గరికి రాగానే, "మిట్టొచ్చినాదప్పా, దిగండి దిగండి!" అని కేకపెట్టేవాడు. ఆడవాళ్ళు, పిల్లలు, కోళ్ళగంపలు దిగి నడిచేవాళ్ళు. మగవాళ్ళు దిగి బస్సును తోసేవాళ్ళు. నేనొక్కణ్ణే దర్జాగా స్టీరింగు పట్టుకుని కూర్చునేవాణ్ణి. టికెట్టు కొని బస్సును మోసే జనం మా జిల్లాలో తప్ప ఇంకెక్కడా ఉండరని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు మా ఆవిడ సంగతి చెప్పాలి. భారతమ్మ మా అక్క సుబ్బులమ్మ కూతురు. మా వైపు అక్క కూతుర్ని చేసుకోవడం మామూలే. పెళ్ళయ్యాక కూడా నన్ను మామా అనే పిలిచేది. చిన్నతనంలో జ్వరం వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడి, కొంచెం పొట్టిదైంది. కార్వేటినగరంలో పెళ్ళిమాటలు జరిగిన రోజు మా అక్క నా ముఖం మీదే, "దానికి కాలు రవంత పొట్టి, నీకు బుద్ధి రవంత పొట్టి. ఇద్దురికీ సరిపోయిందిలే" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే మా అక్క కొలత ఎప్పుడూ తప్పలేదు.

బొగ్గు వచ్చిన కొత్తలో భారతమ్మ ఒకసారి మా బస్సులోనే పుట్టింటికి బయల్దేరింది. మిట్ట దగ్గర అందరూ దిగారు. ఆ కాలుతో ఆమె మిట్ట ఎక్కలేదు కాబట్టి నేనే దిగవద్దన్నాను. ఖాళీ బస్సులో ఒక్కతే కూర్చుంది. వెనక తోస్తున్నవాళ్ళలో ఒకడు, "మేము ఎద్దుల మాదిరి తోస్తా ఉండాము, ఈయమ్మ మాత్రం ఊరేగతా ఉండాది" అన్నాడు. నలుగురు నవ్వారు. వాడు చెడ్డవాడు కాదు, చెమటలో అన్న మాట. కానీ ఆ మాట ఆమెకు ముల్లులా దిగబడింది. ఆ సాయంత్రమే నాతో, "మామా, ఇంగ నేను ఈ బస్సు ఎక్కను. నా ఒక్కదాని కోసరం ఎవురూ నడవకూడదు. అందురూ కూసోని మిట్ట ఎక్కే దినం వస్తే చెప్పు, ఆ దినం వస్తాను" అంది. రెండేళ్ళు పుట్టిల్లు చూడలేదు. నేను స్టీరింగు పట్టుకుని వారానికి ఆరుసార్లు వాళ్ళమ్మ వాకిలి ముందు పోతూ, హారను కొట్టి క్షేమసమాచారం చేరవేసేవాణ్ణి.

అలాంటిది ఆమెకు తొలి చూలు నిలిచింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెల దాటకముందే పిల్లను తీసుకురమ్మని మా అక్క కబురు మీద కబురు పంపింది. ఎద్దులబండిలో అంత దూరం కుదుపులు పనికిరావని మంత్రసాని ఖండితంగా చెప్పింది. రైలంటే పాకాల, తిరుపతి, రేణిగుంట చుట్టి పుత్తూరులో దిగాలి. ఆ రోజుల్లో రైళ్ళనిండా సిపాయిలే, నిలబడటానికి కూడా చోటు లేదు. మిగిలింది మా బస్సు. భారతమ్మ నోరు తెరిచి ఏమీ అడగలేదు. అప్పుడప్పుడు మంగళగిరి చీర పెట్టెలోంచి తీసి, దులిపి, మళ్ళీ పెట్టేది. అది చూడలేక ఒకరోజు బస్టాండు కాఫీ హోటల్లో పదిమంది ముందు లేచి నిలబడి, "ఇంగ రెండు నెలల్లో ఒక్కరు గూడా దిగకుండా మిట్ట ఎక్కిస్తాను, లేదంటే ఈ స్టీరింగు ముట్టను" అనేశాను. కాఫీ చల్లారకముందే ఆ మాట భారతమ్మకు చేరిపోయింది. ఆమె ఆ పూట నాకు రెండు వడలు ఎక్కువ పెట్టింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

ఉపాయం కమ్మరి కొలిమి దగ్గర తోచింది. బొగ్గు తనంతట తాను ఒకలా మండుతుంది, పంకా తిప్పి గాలి ఊదితే ఇంకోలా మండుతుంది. మన ఇంజను తనకు తోచినంత గ్యాసు పీల్చుకుని ఊరుకుంటోంది. అదే మనం పసిపిల్లలకు ఆముదం పట్టినట్టు బలవంతంగా లోపలికి కూరితే? ఆ కమ్మరి దగ్గర ఒక పాత పంకా సంపాదించి, ఇంజను ముందున్న చక్రానికి బెల్టు వేసి దాన్ని తిప్పేలా బిగించాను. అది గ్యాసును పీపా నుంచి లాగి ఇంజన్లోకి నెట్టాలి. మర్నాడు స్టార్టు చేస్తే ఇంజను గర్జించింది. రెండేళ్ళుగా వినని చప్పుడు. నేను బానెట్టు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ తీరు చూస్తే ఇంజనుకు నేనే కన్నతండ్రిననుకుంటారు.

ఆ కన్నతండ్రితనం దిగుడుమిట్ట సగం దాకా నిలిచింది. ప్రయాణికులు లేరు, పరీక్షకని నేనూ పెంచలయ్యా మాత్రమే పోయాం. బస్సు జోరుగా ఎక్కుతోంది. నేను పాట ఎత్తుకోబోతుంటే పెంచలయ్య చెవి నిక్కించి, "మేస్త్రీ, ఇంజన్లో ఎవురో రోట్లో దంచతా ఉండారు" అన్నాడు. అది కొత్త బలం చేసే చప్పుడని నేను వివరంగా చెబుతూ ఉండగానే ఠాప్పుమని ఒక మోత, నల్లటి పొగ. విప్పి చూస్తే మూడో పిస్టన్ నెత్తి అడ్డంగా పగిలిపోయింది. నా మూర్ఖత్వం అప్పుడు నాకు అర్థమైంది. లోపలికి ఎక్కువ కూరితే లోపల మంట కూడా ఎక్కువే అవుతుంది. ఆ మంట దెబ్బ తగిలేది పిస్టన్ నెత్తికి. ఉన్నవి పాత పోత ఇనుప పిస్టన్లు, పల్చటి నెత్తివి. బలహీనుడి చేతికి గద ఇచ్చి, ముందు వాడి నెత్తిన వాడే కొట్టుకునేలా చేశాను.

మునిరామయ్య మండీ నుంచి పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు. పగిలిన పిస్టన్‌ను చేతిలోకి తీసుకుని, కుళ్ళిన కాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అబ్బా ధనంజయా, నీకు బండి ఇచ్చింది తోలేదానికి గానీ పగలగొట్టేదానికి గాదు. పదైదు దినాల్లో ఇది రోడ్డెక్కలేదంటే నువ్వు నా మండీలో గంపలు ఎత్తుకోవాల్సిందే. పోయి ఇట్లాంటిదే ఒకటి తెచ్చి ఎయ్యి" అన్నాడు. నేను తలూపి మద్రాసు రైలెక్కాను. అలాంటిది తెచ్చే ఉద్దేశం నాకు లేదు, ఒకటి తెచ్చే ఉద్దేశమూ లేదు. నాలుగూ మార్చాలి, ఊపిరి ఎంత కూరినా పగలనివి తేవాలి.

మద్రాసులో పాత మోటారు సామాన్లు అమ్మే సందులో ఒక ముసలాయన కొట్టు ఉండేది. పిస్టన్లు బీరకాయల్లా కుప్పలుగా పోసి ఉన్నాయి. మా అమ్మ సంతలో కుండ కొనేటప్పుడు వేలి గణుపుతో కొట్టి మోత వినేది. నేనూ ఒక్కో పిస్టన్‌ను దారానికి వేలాడదీసి తాళంచెవితో కొట్టి వింటూ కూర్చున్నాను. బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది, మంచిది ఖంగుమంటుంది. అంతవరకు బాగానే ఉంది. ఖంగుమన్నవాటిలో అన్నిటికన్నా బరువైన నాలుగు ఏరి ఒడిలో పెట్టుకున్నాను. ముసలాయన చుట్ట పక్కన పెట్టి నా వైపు జాలిగా చూశాడు.

"తంబీ, నువ్వు పిస్టన్ కొనను వచ్చినావా, తూకం రాళ్ళు కొనను వచ్చినావా?"

"బలంగా ఉండాల గదా తాతా" అన్నాను.

"ఇది ఒక్క నిమిషంలో వెయ్యిన్నర తూర్లు పైకీ కిందకీ పరిగెత్తాల. ఇంత బరువుంటే కింద కడ్డీని పెరికేస్తాది. బలం బరువులో లేదు తంబీ. తిరగేసి లోపల సూడు."

తిరగేసి చూపించాడు. నెత్తి లోపలివైపు ఎంత మందం ఉందో చూడాలట. నెత్తి నుంచి పిన్ను రంధ్రాల దాకా దూలాల్లాంటి గట్లు ఉన్నాయో లేదో చూడాలట. మొదటి రింగు గాడి మరీ నెత్తి అంచున ఉండకూడదట, ఉంటే ఆ సన్నటి అంచే ముందు విరుగుతుందట. "నెత్తిన దెబ్బ పడితే ఆ దెబ్బ యాడ నుంచి యాడికి పోతాదో సూడాల. దోవ ఉంటే దెబ్బ పోతాది, లేదంటే ఆడనే పగలగొడతాది" అన్నాడు. అంత చక్కగా నాకు ఎవరూ, ఏదీ చెప్పలేదు. చివరికి అడుగు నుంచి ఒక అట్టపెట్టె తీశాడు. మిలిటరీ లారీలవి, తెల్లగా మెరుస్తున్నాయి. నెత్తి నా బొటనవేలంత మందం, లోపల గట్లు, చేత్తో పట్టుకుంటే మాత్రం పూరీలా తేలిక.

"ఇది సత్తు గదా! అన్నం గిన్నెలు చేసే సత్తు!" అన్నాను, మోసం పట్టేసినవాడిలా.

"అవును. విమానాల్లో ఉండేది గూడా ఇదే సత్తు, అలుమినియం" అన్నాడు ముసలాయన.

విమానం అన్నాక ఇంకేం మాట్లాడతాను? నా చేతి గడియారం ఆ కొట్లోనే ఉండిపోయింది, పిస్టన్లు నా సంచిలోకి వచ్చాయి. మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆయన, "తంబీ, బిగించేటప్పుడు దీనికి..." అని ఏదో చెప్పబోయాడు. నేను తిరక్కుండానే చెయ్యి ఊపి, "తెలుసులే తాతా, నేను మేస్త్రీనే" అన్నాను. నా జీవితంలో నేను అన్న మాటల్లో ఒక్కటి వెనక్కి తీసుకునే వీలుంటే ఆ మాటే తీసుకుంటాను.

కొత్త పిస్టన్లు పాతవాటికన్నా ఒక నూలుపోగంత లావు. వేలూరులో సిలిండర్లను ఆ మేరకు లోపల తొలిపించుకుని వచ్చాను. నాకు పని నేర్పినాయన ఒక పరీక్ష పెట్టేవాడు. నూనె రాసిన సిలిండరులో పిస్టన్‌ను వదిలితే అది జారి పడకూడదు, ఇరుక్కోకూడదు. అత్తగారింటికి పోయే కొత్తకోడలిలా ఆగి ఆగి తన బరువుతో తనే దిగాలి. అంత బిగువుగా కూర్చోబెట్టినవాడే మేస్త్రీ. మా బస్టాండులో అందరి పనితనానికీ అదే కొలత. నేను నాలుగు పిస్టన్లనూ అలాగే దించాను. చూడటానికి చుట్టుపక్కల మెకానిక్కులంతా వచ్చి, "అబ్బా, ఏం బిగువప్పా!" అని మెచ్చుకున్నారు. నేను చేతులు తుడుచుకుంటూ వినయం నటించాను.

ఎనిమిదో మైలురాయి దగ్గర ఇంజను బిగుసుకుపోయింది. పగల్లేదు, మోత లేదు. మెల్లగా బరువెక్కి, ముక్కి, ఆగిపోయింది. హాండిలు వేసి ఇద్దరం వేలాడినా తిరగలేదు. రెండు జతల ఎద్దులు కట్టి చిత్తూరు బజారు మధ్యలోంచి లాక్కొచ్చాం. ఎద్దులు తోలేవాడు బజారంతా వినేలా, "మేస్త్రీ, ఇది బొగ్గు తింటాదా, గడ్డి తింటాదా? సాయంత్రం ఏం పెట్టాల?" అని అడిగాడు. నేను బస్సులో సీటు కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు బజారు దాటేదాకా పైకి లేవలేదు. అన్నిటికన్నా అవమానం ఏమిటంటే, షెడ్డుకు చేరి చల్లారాక అదే ఇంజను హాండిలుకు తేలిగ్గా తిరిగింది. నన్ను నలుగురిలో నిలబెట్టాలనే ఆగినట్టు.

విప్పి చూస్తే పిస్టన్ల చుట్టూ గీతలు. ఎందుకో తెలియలేదు. గడువు ఇంకా ఐదు రోజులుంది, భారతమ్మకు ఏడో నెల చివరికొచ్చింది. మర్నాడు పొద్దున వంటింటి గడపలో కూర్చుని, గీతలు పడ్డ పిస్టన్ ఒడిలో పెట్టుకుని, మునిరామయ్య మండీలో గంప ఎత్తుకున్నట్టు ఊహించుకుంటున్నాను. భారతమ్మ కుడుములు ఉడికిస్తోంది. ఇనుప బాన మూతిలో సత్తు గిన్నె దించి, కింద నీళ్ళు మరిగించేది. గిన్నె పైకి తీయబోతే రాలేదు. నేను లేచి మగతనం చూపించబోయాను. రెండు చేతులా పట్టి గుంజాను. బాన కూడా లేచొచ్చింది గానీ గిన్నె ఊడలేదు.

"ఇడిసిపెట్టు మామా, కాగే నీళ్ళు మీద పోసుకునేవు" అంటూ ఆమె కుడుములు పళ్ళెంలోకి తీసి, ఖాళీ గిన్నెలో చెంబెడు చన్నీళ్ళు పోసింది. లెక్కపెట్టకుండానే పది అంకెలంత సేపు ఆగి, రెండు వేళ్ళతో గిన్నె ఎత్తి పక్కన పెట్టింది.

నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"ఈ సత్తుకు ఆత్రం జాస్తి మామా. రవంత కాగితే చాలు, ఇనుము కన్నా ముందు ఉబ్బిపోతాది. చల్లార్నాక మళ్ళా మామూలే. నేను ఎప్పుడూ గిన్నె చుట్టూ పల్సని గుడ్డ చుట్టి పెడతాను, ఆ తావు ఉంటే ఇరుక్కోదు. ఈ దినం నీ ముఖం సూసి మర్సిపోయినా."

నా ఒడిలో పిస్టన్ సత్తుది. సిలిండరు ఇనుముది. మద్రాసు ముసలాయన మెట్ల మీద చెప్పబోయిన మాట భారతమ్మ నోట కుడుముల దగ్గర వినపడింది. ఇనుప పిస్టనుకు మంచిదైన బిగువు సత్తు పిస్టనుకు ఉరి. చల్లగా ఉన్నప్పుడు ఎంత బాగా కూర్చుంటే, కాగినప్పుడు అంత గట్టిగా పట్టేస్తుంది. బస్టాండులో ఇంతమంది మేస్త్రీలం నిలబడి మెచ్చుకున్నది ఆ ఉరినే. నేను ఏడవాలో నవ్వాలో తెలియక, పొయ్యి ముందు కూర్చున్న ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. "కుడుము చల్లారిపోతాది, ఇడు" అంది.

ఎంత తావు వదలాలి అన్నది తరువాతి చిక్కు. గుడ్డ మరీ మందం. కొలిచే రేకులు నా దగ్గర లేవు. పెంచలయ్య టికెట్ల పుస్తకంలోంచి ఒక టికెట్టు చింపాను. అది ఇంచుమించు సరిగ్గా ఉంటుందనిపించింది. మందపాటి గరుకు కాగితంతో నాలుగు రోజులు సిలిండర్లను, పిస్టన్లను రుద్దాను. పిస్టనుతో పాటు పక్కన టికెట్టు దించితే, టికెట్టు చినగకుండా, కాస్త పట్టి పట్టి పైకి రావాలి. అదే నా కొత్త పరీక్ష. టికెట్టు లేకుండా వదిలితే పిస్టన్ దబ్బున జారి పడేది. అది చూసి మెకానిక్కులు, "మేస్త్రీ చేతిలో పని పోయిందిరా, పాపం" అని గుసగుసలాడారు. నేను పళ్ళు కొరుక్కుని రుద్దుతూనే ఉన్నాను. నా తెలివి మీద నమ్మకం పోయింది గానీ కుడుముల గిన్నె మీద నమ్మకం ఉంది.

ఐదో రోజు పొద్దున బస్సు నిండింది. ఇరవై ఎనిమిది మంది, రెండు కోళ్ళగంపలు, ఒక మేక. భారతమ్మ మంగళగిరి చీర కట్టుకుని నా వెనక సీట్లో కూర్చుంది. పెంచలయ్య ఆమెకు టికెట్టు ఇచ్చాడు. నేను పరీక్షకు వాడిన నూనెమరకల టికెట్టే. "వదినకు ఈ టికెట్టు పనికిరాదంటే ఇంగెవురికీ పనికిరాదు" అన్నాడు. ఎనిమిదో మైలురాయి దాటాం. ఇంజను కాగింది, బిగుసుకోలేదు. నా వీపు చెమటతో సీటుకు అతుక్కుంది. మిట్ట కింద మలుపు వచ్చింది. మలుపులో వేగం తగ్గించి, పక్కనున్న పిడి లాగి పంకా బెల్టు తగిలించి, దూరంగా కనిపిస్తున్న మిట్ట అంచు మీదే కళ్ళు పెట్టి తొక్కాను. బస్సు ఎక్కింది. ఎక్కుతూనే ఉంది. వెనక ఏవో కేకలు వినిపించాయి, జనం సంతోషంతో అరుస్తున్నారనుకున్నాను. మిట్ట మీద బ్రేకు వేసి, "ఎక్కేసినాం! సూసినారా!" అని వెనక్కి తిరిగాను.

బస్సులో భారతమ్మ ఒక్కతే ఉంది. ఆమె కళ్ళు మూసుకుని కాణిపాకం వినాయకుణ్ణి తలుచుకుంటోంది. కిటికీలోంచి చూస్తే, కింద మలుపు దగ్గర ఇరవై ఏడు మంది, కోళ్ళు, మేక, అందరికన్నా ముందు చెయ్యెత్తి అరుస్తూ పెంచలయ్య. రెండేళ్ళ అలవాటు. మలుపులో బస్సు నెమ్మదించగానే పెంచలయ్య నోట తన ప్రమేయం లేకుండా, "మిట్టొచ్చినాదప్పా, దిగండి" అని వచ్చిందట. జనం ఆలోచించకుండా దూకేశారట. నేను మేకను కూడా ఎక్కించలేని ఖాళీ బస్సుతో మిట్ట జయించాను. భారతమ్మ మళ్ళీ అదే ఖాళీ బస్సులో, అదే ఒంటరి సీట్లో కూర్చుని ఉంది.

ఆమె కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. ముఖం చిన్నబోయింది.

"పోనీలే పాపా, మిట్ట అయితే ఎక్కినాం గదా. వాళ్ళు నడిసి వచ్చేస్తారు" అన్నాను.

"నేను ఒక్కదాన్నే ఎక్కితే అది ఎక్కినట్లా మామా?" అంది. "కిందకి పోనీ. అందురినీ ఎక్కించుకుందాం."

నిజం చెబుతాను, నాకు పోవాలని లేదు. ఖాళీ బస్సు ఎక్కింది, అది చాలు, ఊళ్ళో గొప్ప చెప్పుకోవడానికి సరిపోతుంది. నిండు బస్సుతో మధ్యలో ఆగితే? పిస్టన్ మళ్ళీ పగిలితే? కడుపుతో ఉన్న పిల్లను మిట్ట మధ్యలో దించాలి. ఆమె నా ముఖం చూసింది, నూనెమరకల టికెట్టును ఒళ్ళో మడిచి పట్టుకుంది. నేను బస్సు తిప్పుకుని కిందికి దిగాను.

కింద ఎవరూ ఎక్కడానికి ఒప్పుకోలేదు. "వద్దులే మేస్త్రీ, మాకు నడిసి అలవాటైపోయింది. మధ్యలో వెనక్కి జారిందంటే?" అన్నారు. పెంచలయ్య సిగ్గుతో మేక వైపు చూస్తున్నాడు. అప్పుడు భారతమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది.

"అన్నా, అమ్మా, రెండేండ్లు నేను పుట్టింటికి పోలేదు. మీరంతా నడస్తా ఉంటే నేను కూసోను. మీరు ఎక్కకపోతే నేనూ దిగి నడస్తాను" అని, నిజంగానే దిగడానికి కాలు చాపింది.

ముందు కాకరకాయల గంపతో ఉన్న గంగులమ్మ అనే ముసలమ్మ, "ఒరే, ఆ బిడ్డ దిగేదేందిరా, ఎక్కండి!" అని తనే ఎక్కి ఆమె పక్కన కూర్చుంది. తరువాత ఒకరొకరుగా అందరూ ఎక్కారు. మేక చివర్న ఎక్కింది.

రెండోసారి మిట్ట ఎక్కడం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. ఇంజను అప్పటికే కాగి ఉంది. సగం దాకా బాగానే వచ్చింది. ముప్పాతిక దగ్గర నీరసించింది. మనిషి నడకకన్నా నిదానమైంది. ఎవరూ ఊపిరి తీయడం లేదు, కోళ్ళు కూడా. బస్సు తలుపు దగ్గర నిలబడ్డ ఒకాయన అలవాటు కొద్దీ ఒక కాలు కిందికి దించాడు. నేను ఓరకంట చూసి, వెనక్కి తిరక్కుండానే నాకు తెలిసిన బూతులన్నీ తిట్టాను. ఆయన కాలు లోపలికి లాక్కున్నాడు. పంకా కూస్తోంది. పిస్టన్ల మీద పడే ఒక్కో దెబ్బ నా నెత్తి మీద పడుతున్నట్టే ఉంది. బిగుసుకోవద్దు, పగలవద్దు, ఇంకో పది గజాలు, ఇంకో ఐదు అని బతిమాలుతూ కాలు నొక్కి పట్టాను. గంగులమ్మ గొంతు వినిపించింది, "కదలొద్దండి, ఎవురూ కదలొద్దండి" అని. ముందు చక్రాలు అంచు దాటాయి. బస్సు చదునుకు వచ్చి నిలబడింది. అదే క్షణాన పంకా బెల్టు ఫట్టుమని తెగి రోడ్డు మీద పడింది.

తెగింది నేను తగిలించిన బెల్టు. పిస్టన్లు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ తరువాత అలాంటి గట్టి బెల్టు మళ్ళీ దొరకలేదు. దొరికే లోపల యుద్ధం అయిపోయి పెట్రోలు వచ్చింది. అంటే నేను కనిపెట్టిన కొత్త ఊపిరి పనికొచ్చింది మొత్తం ఒక్క రోజు, ఒక్క మిట్టకు, అందులో ఒకసారి ఖాళీ బస్సుతో. మా మనవళ్ళు చెప్పేది ఈ సంగతి గురించే.

మిట్ట దిగి నాలుగు మైళ్ళు పోతే కార్వేటినగరం. మా అక్క సుబ్బులమ్మ బస్సు ఆగే చోటనే నిలబడి ఉంది. కూతురు దిగగానే ముందు ముఖం చూడలేదు, కడుపు చూడలేదు, వంగి పాదాలు చూసింది. రెండు పాదాలకూ దుమ్ము లేదు. తల ఎత్తి బస్సులోంచి దిగుతున్న జనం పాదాలు చూసింది, దుమ్ము ఉంది. నా వైపు ఒక చూపు చూసి, కూతుర్ని అడిగింది.

"మిట్ట కాడ ఎంతమంది దిగినారు?"

నేను నేల చూశాను. భారతమ్మ వాళ్ళమ్మ భుజం పట్టుకుని, నిండుగా నవ్వుతూ చెప్పింది.

"మొదుట అందురూ దిగినారు. మామ వెనక్కి వచ్చి అందురినీ ఎక్కించుకున్నాడు. ఇంగ ఎవురూ దిగలేదమ్మా."

మా అక్క నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చింది, కూతురి కన్నా ముందు నాకు. నేను చెంబు పట్టుకుని బస్సు వెనక్కి పోయి, బొగ్గు పీపా దగ్గర నిలబడి ఏడ్చాను. పెంచలయ్య చూసి ఏమైందని అడిగాడు. పొగ అని చెప్పాను.